చేతికొక గంట: హ్యాండ్‌బెల్స్ మీద ప్లెయిన్ బాబ్ మైనర్ కొట్టడం ఎలా?

ఇంగ్లండ్‌లో ఉంటూ చర్చి గోపురంలో గంటలు కొట్టడం నేర్చుకుంటున్న తెలుగువాళ్లు కలిసినప్పుడల్లా నన్ను అడిగేది ఒకటే. ‘తాడు లాగి ఒక గంట కొట్టడం వచ్చేసిందండీ. హ్యాండ్‌బెల్స్ దగ్గర కూర్చుంటే మాత్రం చేతికొక గంట, గంటకొక దారి. రెండు దారులు ఒకేసారి ఎలా గుర్తుంటాయి?’

రెండు దారులుగా గుర్తుపెట్టుకుంటే గుర్తుండవు. నేను మొదటి ఆరు నెలలు అదే పని చేసి విసిగిపోయాను. కుడిచేతి దారి తలుచుకుంటే ఎడమచేయి ఆగిపోయేది. ఎడమచేతిని సరిచేసేలోపు కుడిచేయి ఎక్కడుందో తెలిసేది కాదు. చివరికి మా బృందంలో ఒక పెద్దాయన, ‘గంటల్ని వదిలెయ్, వాటి మధ్య దూరం ఎంతో అది పట్టుకో’ అన్నారు. ఆ వారమే నాకు దారి దొరికింది. కింద చెప్పేదంతా ఆ మాట మీద నడిచేదే.

ఛేంజ్ రింగింగ్ అనే ఈ కళకు కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో మొదలైంది. ఇందులో పాటలు వాయించరు. గంటల వరసను ప్రతిసారీ కొద్దిగా మారుస్తూ, వచ్చిన వరస మళ్లీ రాకుండా కొడతారు. 6 గంటలకు 720 వరసలు వస్తాయి. మన సంగీతంలో స్వర ప్రస్తారం అంటామే, ఆ లెక్కే. వరసలు ఎలా మారాలో చెప్పే నియమాన్ని పద్ధతి అంటారు, 6 గంటల మీద కొట్టే అలాంటి పద్ధతే ప్లెయిన్ బాబ్ మైనర్. మన దేశంలో పుణెలోని హోలీ నేమ్ చర్చిలో ఇలా కొట్టడానికి కట్టిన 8 గంటలు ఉన్నాయి. అదే పని ఇంట్లో కుర్చీలో కూర్చుని చేయడానికి హ్యాండ్‌బెల్స్.

కావలసినవి

6 హ్యాండ్‌బెల్స్. కొనక్కర్లేదు, మీరు గంటలు కొట్టే చర్చిలో అడగండి, చాలాచోట్ల బీరువాలో ఒక సెట్టు ఉంటుంది.

మీతో కలిపి ముగ్గురు మనుషులు. మిగతా ఇద్దరికీ పద్ధతి బాగా వచ్చి ఉంటే మంచిది, కనీసం ఒకరికైనా తప్పనిసరి. ముగ్గురూ కొత్తవాళ్లయితే ఎవరు తప్పారో ఎవరికీ తెలియదు, సాయంత్రమంతా వృథా.

చేతులు లేని కుర్చీలు 3. చేతుల కుర్చీకి మోచేయి తగులుతుంది.

గళ్ల కాగితం, రెండు రంగుల పెన్నులు, రికార్డింగ్‌కి ఫోను.

ఒక జాగ్రత్త: గంట లోహాన్ని వేళ్లతో ముట్టుకోకండి. చెమట మరకలు పడతాయి, పాలిష్ చేసేవాళ్ల ప్రాణం తీస్తాయి. పట్టుకోవాల్సింది తోలు పట్టీ మాత్రమే.

ముందు ఇంతే తెలిస్తే చాలు

అన్నిటికన్నా సన్నని గొంతున్న గంట 1, దాన్ని ట్రెబుల్ అంటారు. బొంగురు గంట 6, అది టెనర్. 1 నుంచి 6 వరకు వరసగా కొడితే రౌండ్స్. టెనర్‌ను షడ్జమంగా తీసుకుంటే రౌండ్స్ అంటే శంకరాభరణంలో ధ ప మ గ రి స. సంగీతం కాస్త వచ్చినవాళ్లు దీన్ని గట్టిగా పట్టుకోండి, తర్వాత తప్పులు పట్టడానికి బాగా పనికొస్తుంది.

ప్రతి వరసలో ప్రతి గంట ఒక్కసారే మోగుతుంది. ఒక వరస నుంచి తర్వాతి వరసకు ఏ గంటైనా ఒక్క చోటు జరగొచ్చు, లేదా ఉన్నచోటే ఉండొచ్చు. అంతకన్నా దూరం దూకదు.

చేయి పైకి లేపుతూ కొట్టేది హ్యాండ్‌స్ట్రోక్, దించుతూ కొట్టేది బ్యాక్‌స్ట్రోక్. ఒక వరస పైకి, ఒక వరస కిందికి. ఈ రెండు వరసల 12 దెబ్బలూ అయ్యాక ఒక్క దెబ్బంత ఖాళీ వదిలి మళ్లీ పైకి మొదలుపెడతారు.

1. పట్టుకోవడం, కూర్చోవడం

చిన్న అంకె గంట కుడిచేతిలో, పెద్ద అంకె గంట ఎడమచేతిలో. మొదటిసారి 1, 2 జత తీసుకోండి. 3-4 కొట్టే మనిషి మీ ఎడమపక్కన కూర్చుంటారు, 5-6 ఆ తర్వాత.

గంట నాలుక ముందుకూ వెనక్కూ మాత్రమే ఊగుతుంది, పక్కలకు ఊగదు. పట్టీని అటూ ఇటూ తిప్పి, మీ చేయి కదిలే వైపే నాలుక ఊగేలా చూసుకోండి. ఇది సరిగా లేకపోతే ఎంత విదిల్చినా టక్కుమని మొద్దు శబ్దమే వస్తుంది. మోకాలి దగ్గర నుంచి చేయి పైకి లేపి, చివర్లో మణికట్టుతో చిన్న విదిలింపు ఇవ్వండి. అక్కడే ఆగండి. మళ్లీ దించుతూ కింద ఇంకో విదిలింపు. భుజం కదుపుతుంటే పది నిమిషాలకే నొప్పి పుడుతుంది. కొడుతున్నది మణికట్టు అని గుర్తుంచుకోండి.

2. రౌండ్స్, విసుగొచ్చేదాకా

మొదటి రోజంతా రౌండ్సే కొట్టండి. చాలామంది దీన్ని రెండు నిమిషాల్లో ముగించేసి మార్పుల్లోకి దూకుతారు. అలా దూకినవాళ్లకు వరసల మధ్య ఆ ఖాళీ చివరిదాకా అలవాటు కాదు.

మనసులో ఇలా లెక్కపెట్టుకోండి: పైకి 1 2 3 4 5 6, కిందికి 1 2 3 4 5 6, ఖాళీ. మీ రెండు గంటలూ హ్యాండ్‌స్ట్రోక్ వరస అయ్యాక పైన ఉండాలి, బ్యాక్‌స్ట్రోక్ అయ్యాక కింద ఉండాలి. వరస పూర్తయ్యాక ఒకటి పైన, ఒకటి కింద ఉందంటే ఒక దెబ్బ ఎక్కడో తప్పిపోయింది, లేదా ఎక్కువ పడింది. కళ్లతో చేసుకునే పరీక్ష ఇదొక్కటే, మిగతావన్నీ చెవులతోనే.

3. ప్లెయిన్ హంట్ చేత్తో రాయండి

ప్రింటు తీసుకోకండి, చేత్తో రాయండి. నియమం చిన్నది. ఒకసారి మూడు జతలూ చోట్లు మార్చుకుంటాయి, తర్వాతిసారి మొదటిదీ చివరిదీ కదలకుండా మధ్యవి మార్చుకుంటాయి. మళ్లీ అన్నీ, మళ్లీ మధ్యవి.

1 2 3 4 5 6
2 1 4 3 6 5
2 4 1 6 3 5
4 2 6 1 5 3
4 6 2 5 1 3
6 4 5 2 3 1
6 5 4 3 2 1
5 6 3 4 1 2
5 3 6 1 4 2
3 5 1 6 2 4
3 1 5 2 6 4
1 3 2 5 4 6
1 2 3 4 5 6

ఇప్పుడు 1 మీదుగా ఒక రంగు గీత, 2 మీదుగా ఇంకో రంగు గీత గీయండి. జడ కోలాటంలో తాళ్లు అల్లుకుని విడిపోయినట్టు కనిపిస్తుంది. ప్రతి గంటా వెనక్కి వెళ్లి, అక్కడ రెండు దెబ్బలు ఆగి, ముందుకొచ్చి, అక్కడా రెండు దెబ్బలు ఆగుతుంది. సరిగ్గా మధ్యలో 6 5 4 3 2 1 ఉంది చూడండి. అంటే స రి గ మ ప ధ. కొట్టేటప్పుడు ఆరోహణ స్పష్టంగా వినిపిస్తే సగం దారి సరిగ్గా వచ్చారని అర్థం.

4. దారులు పక్కన పెట్టి దూరం చూడండి

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. మీ రెండు గంటల చోట్లను మాత్రమే రాసుకోండి. 1, 2 జతకు ప్లెయిన్ హంట్‌లో వచ్చేవి ఇవి (మొదటి అంకె కుడిచేయి, రెండోది ఎడమచేయి):

1-2, 2-1, 3-1, 4-2, 5-3, 6-4, 6-5, 5-6, 4-6, 3-5, 2-4, 1-3, మళ్లీ 1-2.

చదివితే ఏం తెలుస్తోంది? నడిమధ్య దూరం ఎప్పుడూ రెండే. ముందు చివరా, వెనక చివరా మాత్రం ఒకటికి తగ్గి, గంటలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. దీన్ని కోర్సింగ్ అంటారు, ఒకటి నడిచిన దారిలో ఇంకోటి వెంటే నడుస్తుంది. 5, 6 జత కూడా ప్లెయిన్ హంట్‌లో ఇలాగే ఉంటుంది.

3, 4 జత పూర్తిగా వేరు: 3-4, 4-3, 5-2, 6-1, 6-1, 5-2, 4-3, 3-4, 2-5, 1-6, 1-6, 2-5. ఒకటి వెనక్కి వెళ్తుంటే ఇంకోటి ముందుకొస్తుంది, అద్దంలో బొమ్మలా. రెండు చోట్లు కూడితే ఎప్పుడూ 7. కూడిక 7 రాలేదంటే ఒక చేయి తప్పింది, అంతే. దీన్ని ఆపోజిట్స్ అంటారు.

మూడో ఆకారం రెండు గంటల దారుల మధ్యలో ఇంకో గంట దూరినప్పుడు వస్తుంది. ఉదాహరణకు 1-4 చోట్ల మొదలైతే: 1-4, 2-3, 3-2, 4-1, 5-1, 6-2, 6-3, 5-4, 4-5, 3-6, 2-6, 1-5. ఇది కొంచెం మొండిది. నోటితో పదిసార్లు చదివితేగానీ నాలుక మీదికి రాదు.

6 గంటల మీద ఏ జతకైనా ఈ మూడు ఆకారాలే. నాలుగోది లేదు. నాకు ఇది తెలిసిన రోజున నిజంగా సగం బరువు దిగింది.

వరస మొదలయ్యే ముందు ఆ జత అంకెలను ఒక్క మాటలా అనుకోవడం అలవాటు చేసుకోండి. ‘నాలుగు-రెండు’ అనుకుంటే కుడిచేయి నాలుగో చోట, ఎడమచేయి రెండో చోట, కాబట్టి ముందు మోగేది ఎడమచేయి. బస్సులో కూర్చుని రెండు తొడల మీద తాళం వేసుకున్నట్టు దీన్ని సాధన చేయొచ్చు. నేను అలాగే నేర్చుకున్నాను.

5. గంటల మీద ప్లెయిన్ హంట్

నాయకత్వం వహించే మనిషి ‘గో ప్లెయిన్ హంట్’ అన్నాక వచ్చే హ్యాండ్‌స్ట్రోక్ నుంచే మార్పులు మొదలు. మొదటి మార్పుకే మీ చేతులు తారుమారవుతాయి: 1-2 కాస్తా 2-1. ఎడమచేయి ముందు కొట్టాలి. కొత్తవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే తడబడతారు. ‘గో’ వినగానే ‘ఎడమ ముందు’ అనుకోండి.

తప్పినా ఆపకండి. పైకీ కిందికీ కొట్టడం మాత్రం వదలకుండా, నోరు మూసుకుని వినండి, తెలిసినవాళ్లు మీ చోటు చెబుతారు. ఆగిపోయి ‘సారీ’ చెబితే మిగతా ఇద్దరూ చెదిరిపోతారు. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా ధ ప మ గ రి స లోకి తిరిగొచ్చాకే తర్వాతి మెట్టు ఎక్కండి.

6. డాడ్జ్

ప్లెయిన్ బాబ్ మైనర్‌లో మొదటి 11 మార్పులూ ప్లెయిన్ హంటే. ట్రెబుల్ ముందుకొచ్చి హ్యాండ్‌స్ట్రోక్‌లో మొదటి చోట కొట్టాక, బ్యాక్‌స్ట్రోక్‌లో ఒక్క తేడా వస్తుంది. రెండో చోట ఉన్న గంట కదలకుండా అక్కడే ఉంటుంది, మిగతా నాలుగూ తాము వచ్చిన చోటికే ఒక అడుగు తిరిగి వేస్తాయి. 1 3 2 5 4 6 తర్వాత 1 2 3 4 5 6 రాకుండా 1 3 5 2 6 4 వస్తుంది. ఆ వెనకడుగే డాడ్జ్.

ఒక గంట ముందుకొస్తూ 4, 3 అని నడిచేది, డాడ్జ్ వల్ల 4, 3, 4, 3 అని నడిచి ముందుకు పోతుంది. మూడు, నాలుగు చోట్ల మధ్య జరిగేది కాబట్టి ఇది 3-4 డాడ్జ్. మీరు 1, 2 జత పట్టుకుంటే ఇందులో పెద్ద సుఖం ఉంది. డాడ్జ్ ఎప్పుడో చెప్పే ట్రెబుల్ మీ కుడిచేతిలోనే ఉంది! కుడిచేయి పైకి లేస్తూ మొదటి చోట కొట్టిందంటే, దిగేటప్పుడు ఎడమచేతికి డాడ్జో, రెండో చోట ఆగడమో ఉంటుంది. మీ కుడిచేయి ఎప్పటికీ ప్లెయిన్ హంటే చేస్తుంది, దానికి డాడ్జ్ లేదు.

7. ఐదు లీడ్లు

ట్రెబుల్ ఒకసారి వెనక్కి వెళ్లి తిరిగొస్తే ఒక లీడ్, 12 వరసలు. ఐదు లీడ్లకు 60 వరసలు, మళ్లీ రౌండ్స్. దీన్ని ప్లెయిన్ కోర్స్ అంటారు. 1, 2 జతకు ఇదిగో, కాగితం మీద ఎత్తి రాసుకోండి:

మొదటి లీడ్: 1-2 నుంచి మొదలు. కోర్సింగ్, కుడి వెంట ఎడమ. చేతులు దాటుకునేది ముందు 1-2 చోట్ల, తర్వాత 5-6లో. చివర ఎడమచేతికి ముందుకొస్తూ 3-4 డాడ్జ్ (4, 3, 4, 3).

రెండో లీడ్: 1-4 నుంచి. మధ్యలో ఒక గంట దూరిన ఆకారం. దాటుకునేది 2-3లో, తర్వాత 4-5లో. చివర ముందుకొస్తూ 5-6 డాడ్జ్ (6, 5, 6, 5).

మూడో లీడ్: 1-6 నుంచి. ఆపోజిట్స్, కూడిక 7. దాటుకునేది రెండుసార్లూ 3-4లోనే. చివర వెనక్కి వెళ్తూ 5-6 డాడ్జ్ (5, 6, 5, 6).

నాలుగో లీడ్: 1-5 నుంచి. మళ్లీ రెండో లీడ్ ఆకారమే, తలకిందులుగా. దాటుకునేది 4-5లో, తర్వాత 2-3లో. చివర వెనక్కి వెళ్తూ 3-4 డాడ్జ్ (3, 4, 3, 4).

ఐదో లీడ్: 1-3 నుంచి. కోర్సింగ్, ఈసారి ఎడమ వెంట కుడి. దాటుకునేది 5-6లో, తర్వాత 1-2లో. చివర ఎడమచేయి రెండో చోట ఆగుతుంది (1, 1, 2, 2). రౌండ్స్.

కింద నుంచి పైకి చదవండి. అదే మళ్లీ వెనక్కి నడుస్తోంది! కోర్సింగ్, దూరినది, ఆపోజిట్స్, దూరినది, కోర్సింగ్. మూడో లీడ్ మధ్యదాకా నేర్చుకుంటే మిగతాది దాని అద్దమే. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఆ మూడో లీడే. రెండు చేతులూ ఎదురెదురుగా నడిచి, మధ్యలో కలిసి, దాటి, రెండు చివరలకూ వెళ్తాయి. మొదటిసారి అది తప్పు లేకుండా వచ్చినప్పుడు గంట మీద కాదు, నా ఊపిరి మీద లెక్క నడిచినట్టనిపించింది.

ఒకేసారి ఐదు లీడ్లూ వద్దు. మొదటి వారం ఒక లీడ్ కొట్టి ఆపండి. తర్వాత రెండు. మూడో లీడ్‌ను విడిగా, కాగితం ముందు పెట్టుకుని, తొడల మీద కొట్టుకోండి.

ఎక్కువగా వచ్చే తప్పులు

*పక్కపక్క చోట్లు అతుక్కుపోవడం.* 2-1, 6-5 లాంటి చోట్ల రెండు చేతులూ వెంటవెంటనే కొట్టాలి. అప్పుడు రెండో దెబ్బ మొదటిదాని మీద పడిపోతుంది. రెండూ మీవే కాబట్టి మీకు తెలియదు, ఎదుటివాళ్లకు మాత్రం బాగా వినిపిస్తుంది.

*దూరపు చోట్లలో తొందర.* 1-6 వచ్చినప్పుడు మొదటి దెబ్బ కొట్టి ఊరుకోవాలి, మధ్యలో నాలుగు దెబ్బలు ఇతరులవి. టెన్షన్‌లో ఉన్న చేయి ఐదో చోటే కొట్టేస్తుంది. మిగతా నాలుగింటినీ మనసులో లెక్కపెట్టండి.

*ఒకటే డాడ్జ్ రెండుసార్లు.* 4, 3, 4, 3, 4... అని ఆగకుండా తిరుగుతారు. డాడ్జ్‌కు వెనకడుగు ఒక్కటే. కుడిచేయి రెండో చోటికి బయల్దేరిందంటే ఎడమచేయి కూడా బయల్దేరాలి.

*చేతుల వైపు చూడటం.* నేను చాలాకాలం చూశాను. కళ్లు చేతిని చూస్తుంటే చెవి మూసుకుపోతుంది. ముగ్గురి మధ్య నేల మీద ఒక చోట చూపు పెట్టండి.

*ఖాళీ మింగేయడం.* వేగం పెరిగినకొద్దీ వరసల మధ్య ఖాళీ ముందుగా పోతుంది. మీ గంట హ్యాండ్‌స్ట్రోక్‌లో మొదటి చోట ఉన్నప్పుడు ఆ బాధ్యత మీదే.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

రౌండ్స్‌లోకి తిరిగి రావడం ఒక్కటే సాక్ష్యంగా తీసుకోకండి. ఇద్దరు చోట్లు మార్చుకుని, మళ్లీ సర్దుకున్నా రౌండ్స్ వస్తుంది. ప్రతి లీడ్ చివర బ్యాక్‌స్ట్రోక్ వరసను వినండి. ఐదూ ఇలా ఉండాలి:

1 3 5 2 6 4 (ధ మ రి ప స గ)
1 5 6 3 4 2 (ధ రి స మ గ ప)
1 6 4 5 2 3 (ధ స గ రి ప మ)
1 4 2 6 3 5 (ధ గ ప స మ రి)
1 2 3 4 5 6 (ధ ప మ గ రి స)

ఇవి రెండు రోజులు పాడుకుంటే చెవికి పట్టేస్తాయి. తర్వాత నాలుగో స్వరం తప్పినా టక్కున తెలుస్తుంది. ఫోనులో రికార్డు చేసి మర్నాడు వినండి. ఆ పూటే వింటే మీ జ్ఞాపకమే వినిపిస్తుంది, గంటలు వినిపించవు. వింటూ 13 వరకు లెక్కపెట్టండి, 12 దెబ్బలు, ఒక ఖాళీ. మీ లెక్క రికార్డింగ్‌తో జారిపోతే ఎక్కడో ఎవరో తొందరపడ్డారు.

ముగ్గురు దొరకకపోతే

2020 లాక్‌డౌన్‌లో గోపురాలు మూతపడినప్పుడు రింగింగ్ రూమ్ అనే వెబ్‌సైటు వచ్చింది. అందులో ఎక్కడివాళ్లు అక్కడే ఉండి కీబోర్డు మీద కలిసి కొట్టొచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకూ ఇదే దారి. మిగతా గంటలను కంప్యూటరే కొట్టే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. చేతి కదలిక మాత్రం కీబోర్డు నేర్పదు. దానికి రెండు స్టీలు గ్లాసుల్లో వేర్వేరు మట్టాల్లో నీళ్లు పోసి, చేతికొక చెంచాతో కొట్టుకోండి. శబ్దం తేడా ఉండాలి, లేకపోతే చేతుల తేడా చెవికి తెలియదు.

తర్వాత

1, 2 జత మీద ప్లెయిన్ కోర్స్ నాలుగైదుసార్లు నిలకడగా వచ్చాక 5, 6 తీసుకోండి. రెండు చేతులకూ డాడ్జ్‌లు ఉంటాయి, అయినా ఐదు లీడ్లలో నాలుగు కోర్సింగే, మూడోదొక్కటే వేరు. 3, 4 చివరకి ఉంచండి, అది అందరికీ కష్టమే.

బాబ్ పిలుపులు ఆ తర్వాతే. వరసల దారి మార్చడానికి నాయకత్వం వహించే మనిషి ‘బాబ్’ అని పిలిస్తే ఆ లీడ్ చివర 5-6లో డాడ్జ్ చేసేవాళ్లకు మార్పు లేదు. రెండో చోట ఆగాల్సిన గంట ఆగకుండా వెనక్కి వెళ్తుంది. ముందుకొస్తూ 3-4 డాడ్జ్ చేయాల్సినది డాడ్జ్ మానేసి నేరుగా ముందుకొస్తుంది. వెనక్కి వెళ్తూ 3-4 డాడ్జ్ చేయాల్సినది నాలుగో చోట ఆగి, తిరిగి ముందుకొస్తుంది. మొదటి లీడ్ చివరే పిలిపించుకుని చూడండి: 1 3 5 2 6 4 రావాల్సిన చోట 1 2 3 5 6 4 వినిపించాలి.